ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్.. ఫైల్స్ పోకుండా రెండింటి మధ్య పంచుకోవడం ఎలా?

పద్మనాభం (విశాఖపట్నం): ఒకే కంప్యూటర్‌లో విండోస్ ఉంది, పక్కనే లినక్స్ కూడా వేశారు. ఉదయం విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్ సాయంత్రం లినక్స్‌లో తెరుచుకోవడం లేదు. లేదంటే తెరుచుకుంటోంది కానీ మార్పులు సేవ్ కావడం లేదు. ఇంకొందరికైతే లినక్స్‌లో దాచుకున్న ఫోల్డర్ విండోస్‌లోకి వచ్చాక అసలు కనిపించదు. ఈ ఇబ్బందులు మీకూ ఎదురవుతున్నాయా? అయితే ఇది మీ కోసమే.

పద్మనాభం మండలం నుంచి తగరపువలస, భీమిలి, విజయనగరం వైపు కాలేజీలకు వెళ్లే ఇంజినీరింగ్ విద్యార్థులకు, పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లకు ఇది చిన్న విషయం కాదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అయినా, పదేళ్లుగా దాచిన డిజైన్ ఫైల్స్ అయినా ఒక్క తప్పు క్లిక్‌తో పోవచ్చు. అలా పోకుండా ఏం చేయాలో వివరంగా చూద్దాం.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పథకంలో చేరిన ఇళ్లలోని కంప్యూటర్లకు మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్లు అందేలా వెసులుబాటు ఇచ్చింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అవి లేవు.

దీంతో బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను పక్కన పడేయలేక, విండోస్‌ను అలాగే ఉంచి పక్కన ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి వేసుకునేవాళ్లు కనిపిస్తున్నారు. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక మెనూ వస్తుంది. ఏది కావాలో ఎంచుకుంటే అదే తెరుచుకుంటుంది. ఒకసారికి ఒక్కటే నడుస్తుంది.

తెలుగువాళ్లకు లినక్స్ కొత్తేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది. తెలుగుతో పాటు పలు భారతీయ భాషల్లో అది పనిచేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. అయినా ఆఫీసు పనికి, కొన్ని సాఫ్ట్‌వేర్లకు విండోస్ లేనిదే గడవదు. అందుకే రెండూ ఒకే మెషీన్‌లో ఉంటున్నాయి.

అసలు సమస్య ఎక్కడుంది?

హార్డ్ డిస్క్‌ను ఒక పెద్ద గోదాము అనుకోండి. అందులో సరుకు ఎక్కడ పెట్టారో రాసుకునే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. దాన్నే ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్ రిజిస్టర్ ఒక పద్ధతిలో రాస్తుంది, లినక్స్ మరో పద్ధతిలో రాస్తుంది. ఒకరి రాత ఇంకొకరికి చదవడం వస్తేనే ఫైల్ దొరుకుతుంది.

ప్రధానంగా తెలుసుకోవాల్సినవి నాలుగే.

ఎన్‌టీఎఫ్‌ఎస్: విండోస్ సొంత పద్ధతి. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. లినక్స్ దీన్ని చదవగలదు, రాయగలదు కూడా. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్ చాలా ఏళ్లుగా ఈ పని చేస్తోంది. 2021లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.15లో పారగాన్ సంస్థ ఇచ్చిన కొత్త డ్రైవర్ కూడా చేరింది.

ఈఎక్స్‌టీ4: లినక్స్‌లో ఎక్కువగా వాడేది. 2008 నుంచి ఉంది. విండోస్ దీన్ని నేరుగా చదవదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఈ భాగం కనిపించదు. కొన్నిసార్లు 'ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడుగుతుంది. అప్పుడు పొరపాటున కూడా ఓకే నొక్కొద్దు. నొక్కితే లినక్స్ వైపు ఉన్న ఫైల్స్ పోయినట్టే.

ఫ్యాట్32: పాతకాలం పద్ధతి. దాదాపు ప్రతి పరికరం చదువుతుంది. కానీ ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఫోన్‌లో తీసిన పెద్ద 4కే వీడియో ఇందులోకి కాపీ కాదు. పెన్ డ్రైవ్‌లో చోటు ఉన్నా 'ఫైల్ చాలా పెద్దది' అని వస్తోందంటే కారణం చాలావరకు ఇదే.

ఎక్స్‌ఫ్యాట్: మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. 4 జీబీ పరిమితి లేదు. 2019లో మైక్రోసాఫ్ట్ దీని సాంకేతిక వివరాలను బయటపెట్టింది. ఆ తర్వాత లినక్స్ కెర్నల్‌లోనే దీనికి సపోర్ట్ వచ్చింది. పెన్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులకు ఇది బాగా సరిపోతుంది.

సూటిగా చెప్పాలంటే: లినక్స్ విండోస్ ఫైల్స్ చూడగలదు. విండోస్ లినక్స్ ఫైల్స్ చూడలేదు. అందుకే రెండింటికీ కావాల్సిన ఫైల్స్ ఎప్పుడూ విండోస్‌కు అర్థమయ్యే చోటే పెట్టాలి.

ముందు ఈ ఒక్క పని చేయండి: ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి

డ్యూయల్ బూట్‌లో ఫైల్స్ పాడవడానికి పెద్ద కారణం చాలామందికి తెలియనిది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం వచ్చింది. మీరు షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన లోపలి భాగాన్ని డిస్క్‌లో ఒక ఫైల్‌గా దాచుకుని నిద్రపోతుంది. మళ్లీ ఆన్ చేయగానే అక్కడి నుంచే లేస్తుంది. అందుకే త్వరగా తెరుచుకుంటుంది.

ఇబ్బంది ఏమిటంటే, నిద్రలో ఉన్న విండోస్‌కు డిస్క్ ఎలా ఉందో ఒక లెక్క గుర్తుంటుంది. ఈలోగా మీరు లినక్స్‌లోకి వెళ్లి అదే డ్రైవ్‌లో కొత్త ఫైల్ రాశారనుకోండి. విండోస్ లేచాక పాత లెక్కనే నమ్మి పని మొదలుపెడుతుంది. రెండు లెక్కలు కలవవు. కొత్త ఫైల్ మాయం కావచ్చు, పాత ఫైల్ పాడవచ్చు. సి డ్రైవ్ ఒక్కటే కాదు, డి డ్రైవ్‌కూ ఈ ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదం తెలుసు కాబట్టే లినక్స్ చాలాసార్లు అలాంటి డ్రైవ్‌ను 'చదవడానికి మాత్రమే' అన్నట్టు తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. 'సేవ్ కావడం లేదు' అనే ఫిర్యాదు వెనకున్న అసలు సంగతి ఇదే. లినక్స్ పాడైపోలేదు, మీ ఫైల్స్‌ను కాపాడుతోంది.

ఆపడం ఎలా?

1. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరవండి.
2. హార్డ్‌వేర్ అండ్ సౌండ్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి.
3. ఎడమవైపు ఉన్న 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' నొక్కండి.
4. 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్' నొక్కండి.
5. కింద 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' పక్కన ఉన్న టిక్ తీసేసి సేవ్ చేయండి.

అంతే. విండోస్ తెరుచుకోవడానికి ఇకపై కొన్ని సెకన్లు ఎక్కువ పట్టొచ్చు. కానీ ఫైల్స్ భద్రం. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ టిక్ మళ్లీ వచ్చిందేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఆపడం కుదరని కంప్యూటర్ అయితే ఒక చిట్కా ఉంది. కీబోర్డుపై షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్ డౌన్ క్లిక్ చేస్తే విండోస్ పూర్తిగా ఆగుతుంది. రీస్టార్ట్ నొక్కినా అంతే. అందుకే విండోస్ నుంచి లినక్స్‌లోకి వెళ్లేటప్పుడు రీస్టార్ట్ చేసి వెళ్లడం అలవాటు చేసుకోండి. హైబర్నేట్ చేసి మాత్రం ఇటు నుంచి అటు వెళ్లొద్దు.

ఇంకో జాగ్రత్త. విండోస్ దాచుకున్న నిద్ర ఫైల్‌ను తీసేసి డ్రైవ్‌ను బలవంతంగా తెరిచే ఆప్షన్ లినక్స్‌లో ఉంది. వీడియోల్లో కొందరు అదే పరిష్కారమని చెబుతారు. విండోస్‌ను హైబర్నేట్ చేసి ఉంటే అందులో సేవ్ చేయని పని మొత్తం దీంతో పోతుంది. విండోస్‌లోకి వెళ్లి సరిగ్గా షట్ డౌన్ చేసి రావడమే మంచి దారి.

ఇద్దరికీ ఒక ఉమ్మడి గది

సి డ్రైవ్‌లో విండోస్ ఉంటుంది. లినక్స్‌కు దాని సొంత భాగం ఉంటుంది. ఈ రెండూ కాకుండా మూడో భాగం ఒకటి ఫైల్స్ కోసమే పెట్టుకుంటే గొడవ ఉండదు. మీ కంప్యూటర్‌లో ఇప్పటికే డి డ్రైవ్ ఉంటే దాన్నే వాడుకోవచ్చు. లేకపోతే ఇలా చేయండి.

1. ముందుగా ముఖ్యమైన ఫైల్స్ అన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోనో, పెన్ డ్రైవ్‌లోనో కాపీ చేయండి. ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లొద్దు.
2. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేస్తే ఆ పేరు కనిపిస్తుంది.
3. సి డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' ఎంచుకోండి. ఎంత చోటు కావాలో ఎంబీల్లో ఇవ్వండి. 100 జీబీ కావాలంటే 102400.
4. ఖాళీగా ఏర్పడిన భాగంపై రైట్ క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కండి.
5. ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోండి. డ్రైవ్‌కు చిన్న పేరు ఇవ్వండి.

ఈ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ భాగం పేరు లేకుండా కనిపిస్తుంది. ఖాళీగా ఉందనుకుని దాన్ని డిలీట్ చేసినా, ఫార్మాట్ చేసినా లినక్స్ పోతుంది. ఏ భాగం ఎన్ని జీబీలో ముందే కాగితంపై రాసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎందుకు, ఎక్స్‌ఫ్యాట్ ఎందుకు కాదు? ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో జర్నల్ అనే చిట్టా ఉంటుంది. చేయబోయే మార్పును ముందు అందులో రాసుకుంటుంది. మధ్యలో కరెంట్ పోతే ఆ చిట్టా చూసుకుని డిస్క్‌ను సర్దుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ ఏర్పాటు లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌ల మీద పనిచేసేవాళ్లకు, గాలివానకు కరెంట్ పోయే ఊళ్లలో ఈ తేడా చాలా ముఖ్యం. లోపలి డిస్క్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్, పెన్ డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

లినక్స్‌లో ఆ గది తలుపు తెరవడం

ఉబుంటులో ఫైల్స్ యాప్ తెరిస్తే ఎడమవైపునో, 'అదర్ లొకేషన్స్'లోనో కొత్త డ్రైవ్ పేరు కనిపిస్తుంది. దానిపై క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ క్లిక్ చేయడం ఎందుకు అనుకుంటే ఇలా చేయొచ్చు.

1. డిస్క్స్ అనే యాప్ తెరవండి.
2. ఉమ్మడి డ్రైవ్‌ను ఎంచుకుని, గేర్ గుర్తు నొక్కండి.
3. 'ఎడిట్ మౌంట్ ఆప్షన్స్'లోకి వెళ్లండి.
4. పైన ఉన్న 'యూజర్ సెషన్ డిఫాల్ట్స్' ఆఫ్ చేయండి.
5. 'మౌంట్ ఎట్ సిస్టమ్ స్టార్టప్' టిక్ పెట్టి ఓకే నొక్కి, పాస్‌వర్డ్ ఇవ్వండి.

విండోస్ వైపు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌నే ఉమ్మడి డ్రైవ్‌లోకి మార్చుకోవచ్చు. ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌లో 'మూవ్' నొక్కి కొత్త చోటు చూపిస్తే చాలు.

ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టదగినవి: ఫొటోలు, వీడియోలు, పాటలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైల్స్. పెట్టకూడనివి: ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ ప్రొఫైల్, లినక్స్ హోమ్ ఫోల్డర్ మొత్తం. ఫైల్‌ను ఎవరు తెరవొచ్చు, ఎవరు నడపొచ్చు అని లినక్స్ రాసుకునే అనుమతులు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్నవి ఉన్నట్టు నిలవవు. కోడింగ్ చేసే విద్యార్థులు ప్రాజెక్ట్‌ను రెండు వైపులా విడివిడిగా ఉంచుకుని, గిట్ ద్వారా మార్పులు పంపుకోవడం మేలు. విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ లినక్స్‌లో నడవకపోతే లైన్ చివర గుర్తుల తేడా ఉందేమో చూడండి. ఎడిటర్‌లో ఎల్‌ఎఫ్ అని మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది.

బిట్‌లాకర్ తాళం.. తాళం చెవి ఎక్కడ?

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తానికి తాళం వేసే ఏర్పాటు ఉంటుంది. విండోస్ ప్రో వెర్షన్లలో బిట్‌లాకర్ అంటారు. హోమ్ వెర్షన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసినప్పుడు చాలా మెషీన్లలో ఇది మీరు అడగకుండానే ఆన్ అవుతుంది.

దీనివల్ల రెండు విషయాలు జరుగుతాయి. ఒకటి, లినక్స్‌లో ఆ డ్రైవ్ తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. లినక్స్ వేసేటప్పుడు బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చినా, బూట్ క్రమం మార్చినా, విండోస్ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డ్రైవ్‌లోని ఫైల్స్ తిరిగి రావు. సర్వీస్ సెంటర్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

అందుకే లినక్స్ వేయడానికి ముందే రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కంప్యూటర్ అయితే సాధారణంగా ఆ అకౌంట్ పేజీలో ఉంటుంది. దాన్ని కాగితంపై రాసి ఇంట్లో దాచుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే ఉపయోగం లేదు. తాళం ఇంట్లో వేసి చెవి కూడా లోపలే వదిలేసినట్టు అవుతుంది.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. కీ పాత యజమాని అకౌంట్‌లో ఉండిపోయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూడండి.

తెలుగు ఫైల్స్‌కు ప్రత్యేక చిక్కులు

ఇంగ్లిష్ ఫైల్స్‌తో రాని మూడు ఇబ్బందులు తెలుగు ఫైల్స్‌తో వస్తాయి.

మొదటిది ఫైల్ పేరు పొడవు. ఈఎక్స్‌టీ4లో పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ పడుతుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. ఇక్కడ గుడి, కొమ్ము, సున్నా, పొల్లు కూడా విడి గుర్తులే. 'పద్మనాభం' అని రాస్తే 8 గుర్తులు, అంటే 24 బైట్లు. మొత్తం మీద 85 గుర్తులు దాటితే లినక్స్ తన భాగంలో ఆ పేరును ఒప్పుకోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాత్రం 255 గుర్తుల వరకు కుదురుతుంది. విండోస్‌లో పెట్టిన పొడవాటి తెలుగు పేరు లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ కాకపోవడానికి కారణం ఇదే. పేరు చిన్నది చేస్తే కాపీ అవుతుంది.

రెండోది పేర్లలో గుర్తులు. స్థానిక చరిత్ర మీద ప్రాజెక్ట్ చేస్తున్న విద్యార్థి లినక్స్‌లో 'పద్మనాభం యుద్ధం: 10-07-1794' అని పేరు పెట్టాడనుకుందాం. విజయనగరం సంస్థానానికి, ఈస్ట్ ఇండియా కంపెనీకి ఆ రోజున ఇక్కడే యుద్ధం జరిగింది. పేరు బాగుంది, లినక్స్ ఒప్పుకుంటుంది. కానీ మధ్యలో ఉన్న రెండు చుక్కల గుర్తును విండోస్ ఒప్పుకోదు. ప్రశ్నార్థకం, నక్షత్రం, డబుల్ కోట్స్, నిలువు గీత కూడా అంతే. ఇక లినక్స్‌లో పెద్ద ఏ, చిన్న ఏ వేరువేరు. విండోస్‌కు రెండూ ఒకటే. ఆ తేడాతో మాత్రమే పేర్లు పెట్టిన రెండు ఫైల్స్ విండోస్‌ను తికమక పెడతాయి. అక్షరాలు, అంకెలు, మధ్యలో చిన్న గీత. వీటితో సరిపెట్టుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

మూడోది ఫాంట్లు. డీటీపీ సెంటర్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ విండోస్ కోసం తయారైనవి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఇప్పటికీ దాని మీదే పనిచేసే షాపులున్నాయి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైల్ లోపల ఉండేది వేరే అక్షరాల కోడ్‌లు, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంట్. ఆ ఫాంట్ లేని లినక్స్‌లో అదే మ్యాటర్ తెరిస్తే పిచ్చిగీతల్లా, అర్థం లేని అక్షరాలు కనిపిస్తాయి.

ఫైల్ పాడైపోయిందని కంగారు పడొద్దు. దాన్ని అక్కడ సరిచేసి సేవ్ చేసే ప్రయత్నమూ చేయొద్దు. మూసేసి విండోస్‌లో తెరిస్తే అక్షరాలు ఎప్పటిలాగే ఉంటాయి. లినక్స్‌లో చూడాలి, ప్రింట్ తీయాలి అంటే విండోస్‌లోనే పీడీఎఫ్‌గా మార్చి ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టండి. ఫాంట్ పీడీఎఫ్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా సరిగ్గా కనిపిస్తుంది. మ్యాటర్‌లో మార్పులు కూడా చేయాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు వాడి, అచ్చుతప్పులు ఒకసారి చూసుకోవాలి.

యూనికోడ్‌లో రాసే ఫైల్స్‌కూ చిన్న జాగ్రత్త అవసరం. విండోస్‌లో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లు లినక్స్‌లో ఉండవు. అక్షరాలు కనిపిస్తాయి కానీ వేరే ఫాంట్ వచ్చి పేజీలు ముందుకు వెనక్కి జరుగుతాయి. 40 పేజీల ప్రాజెక్ట్ రిపోర్ట్ 43 పేజీలు కావచ్చు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లను రెండు వైపులా వేసుకుని, వాటితోనే రాస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఎందుకు వెళ్తుంది?

లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ తప్పుగా కనిపించడం చాలామంది చూసే ఉంటారు. కంప్యూటర్ లోపల బ్యాటరీతో నడిచే గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది. విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. మనది ఐదున్నర గంటలు ముందుండే సమయం కాబట్టి సాయంత్రం 6 గంటలప్పుడు విండోస్ మధ్యాహ్నం 12:30 చూపిస్తుంది.

ఇందులో నష్టం ఏముందని అనుకోవచ్చు. ఆ సమయంలో సేవ్ చేసిన ఫైల్‌కు తప్పు టైమ్ పడుతుంది. రెండు కాపీల్లో కొత్తది ఏదో తెలియక పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని డిలీట్ చేసే ప్రమాదం ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌లో 'సింక్ నౌ' నొక్కితే అప్పటికి సరవుతుంది. శాశ్వతంగా కావాలంటే, లోపలి గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని లినక్స్‌కు చెప్పే ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని ఒక్కసారి మార్చితే చాలు.

లినక్స్ భాగంలో ఉండిపోయిన ఫైల్ కావాలంటే?

ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టడం మర్చిపోయి లినక్స్ డెస్క్‌టాప్ మీదే వదిలేశారనుకోండి. విండోస్‌లోంచి దాన్ని తీసుకురావడం కష్టం. విండోస్ 11లో డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను తెరిచే వీలుంది. కానీ విండోస్ నడుస్తున్న అదే డిస్క్‌లో ఉన్న భాగానికి అది పనికిరాదు. రెండో డిస్క్ ఉన్న కంప్యూటర్లకే ఉపయోగం. ఒక్క డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే మళ్లీ లినక్స్‌లోకి వెళ్లి ఉమ్మడి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడమే సులువు.

అసలు డిస్క్‌ను ముక్కలు చేయకుండానే లినక్స్ వాడాలంటే రెండు దారులున్నాయి. ఒకటి డబ్ల్యూఎస్‌ఎల్. విండోస్ లోపలే లినక్స్ నడుస్తుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో లినక్స్ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. రెండోది వర్చువల్‌బాక్స్. ఇందులో 'షేర్డ్ ఫోల్డర్స్'తో ఒక ఫోల్డర్‌ను రెండింటికీ ఇవ్వొచ్చు. ర్యామ్ 8 జీబీ అయినా ఉంటే ఇవి కాస్త బాగా నడుస్తాయి. కోర్సు కోసం మాత్రమే లినక్స్ కావాల్సిన విద్యార్థులకు ఇదే తక్కువ రిస్క్.

తరచూ అడిగే ప్రశ్నలు

లినక్స్‌లో డిలీట్ చేసిన ఫైల్ విండోస్ రీసైకిల్ బిన్‌లో ఎందుకు లేదు?
రెండింటి చెత్తబుట్టలు వేరు. ఉమ్మడి డ్రైవ్‌లో లినక్స్ డిలీట్ చేసినవి 'ట్రాష్-1000' లాంటి పేరుతో దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. లినక్స్‌లోకి వెళ్లి ట్రాష్ నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఖాళీ చేసేదాకా డ్రైవ్‌లో చోటు కూడా తిరిగి రాదు.

వన్‌డ్రైవ్ ఫోల్డర్ లినక్స్‌లో కనిపిస్తోంది కానీ ఫైల్స్ తెరుచుకోవడం లేదు. ఎందుకు?
కొన్ని ఫైల్స్ పేరు మాత్రమే కంప్యూటర్‌లో ఉండి, అసలు ఫైల్ ఆన్‌లైన్‌లో ఉంటుంది. విండోస్‌లో ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకుని, పూర్తిగా దిగాక ఉమ్మడి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. లేదంటే లినక్స్‌లో బ్రౌజర్ ద్వారా తెరవండి.

డ్రైవ్‌లో ఎర్రర్ ఉందని వస్తే?
ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను విండోస్‌తోనే సరిచేయించాలి. డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్‌లో 'చెక్' నొక్కండి. లినక్స్‌లో ఉన్న చిన్న టూల్ చాలా తక్కువ లోపాలనే సరిచేస్తుంది.

విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ తెరుచుకోకపోతే ఫైల్స్ పోయినట్టేనా?
కాదు. 2024 ఆగస్టులో ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత ప్రపంచవ్యాప్తంగా పలు డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోలేదు. బూట్ దగ్గరి భద్రతా తనిఖీలో వచ్చిన సమస్య అది. లోపలి ఫైల్స్ జోలికి వెళ్లలేదు. ఇలాంటప్పుడు కంగారుగా ఫార్మాట్ చేయడమే అసలు నష్టం. లినక్స్ ఉన్న పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి ముందు ఫైల్స్ కాపీ చేసుకోండి. రిపేర్ సంగతి తర్వాత చూడొచ్చు.

మ్యాక్ వాడేవాళ్ల సంగతేంటి?
మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను చదువుతుంది కానీ మామూలుగా అందులో రాయదు. మ్యాక్, విండోస్ మధ్య తిరిగే డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవడం మంచిది.

ఇవి గుర్తుంచుకోండి

- ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. మారేటప్పుడు రీస్టార్ట్ చేయాలి.
- రికవరీ కీ కాగితంపై ఉండాలి.
- ఉమ్మడి ఫైల్స్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్, పెన్ డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్.
- విండోస్ ఫార్మాట్ చేయమని అడిగితే వద్దు అనాలి.
- ఫైల్ పేర్లు చిన్నగా, ప్రత్యేక గుర్తులు లేకుండా పెట్టాలి.
- అను మ్యాటర్‌ను పీడీఎఫ్‌గా మార్చే లినక్స్‌కు పంపాలి.

చివరిగా ఒక్క మాట. ఉమ్మడి డ్రైవ్ అంటే బ్యాకప్ కాదు. విండోస్ నుంచి చూసినా, లినక్స్ నుంచి చూసినా ఉన్నది ఒకే డిస్క్, ఒకే కాపీ. ఆ డిస్క్ పోతే రెండు వైపులా పోతుంది. ప్రాజెక్ట్ అయినా, పెళ్లి ఫొటోలైనా, షాపు డిజైన్లైనా ఇంకో కాపీ కంప్యూటర్ బయట ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే. వారానికి ఒకసారి పెన్ డ్రైవ్‌లోకో, బయటి హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేసే అలవాటు ఉంటే, ఎన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు మార్చినా ధైర్యంగా ఉండొచ్చు.